మానే ఉక్కు

ఆగస్టు రెండో తేదీ సత్యలింగానికి ఇప్పటికీ గుర్తే. ఆ మధ్యాహ్నం ఆనపకాయ పులుసూ, ఎండు మెత్తళ్ళ వేపుడూ తిన్నాడు. పులుసు అక్క అచ్చాయమ్మ కాచింది. మెత్తళ్ళు తనే వేయించుకున్నాడు. భార్య తాయారు పోయాక నేర్చుకున్న వంటల్లో మాడకుండా వచ్చేది అదొక్కటే. వంటింటి కిటికీలోంచి కోరంగి ఏటి మీద గాలి చల్లగా వస్తోంది. రెండోసారి అన్నం పెట్టించుకుని, చాన్నాళ్ళకి ఆకలేసి తిన్నానే అనుకున్నాడు. ఇలాంటి చిన్న చిన్న మేళ్ళని ఈ మధ్య ఆయన గమనించడం మొదలుపెట్టాడు.

చెయ్యి కడుక్కుందామని పెరట్లోకి వచ్చేసరికి అచ్చాయమ్మ నూతి దగ్గర గొంతుక్కూర్చుని ఏదో తోముతోంది. పులుసుకి పిండిన చింతపిప్పి గుప్పిట్లో ఉంది. తోముతున్నది మాత్రం చెంబూ కాదు, కుందీ కాదు. షెడ్డులో ఆయన బల్ల మీద ఉండాల్సిన జానెడు ఉక్కు ముక్క.

"అదెందుకు తీసేవక్కా!"

"నల్లగా మసిబారిపోయి ఉంటేను. ఎంత చదివినా గిన్నె తోముకోడం రాదురా నీకు. ఇదిగో, సూడు ఎలా తేలిందో!"

ఆవిడ ముక్కని నీళ్ళలో జాడించి పైకెత్తింది. ఎండకి తళుక్కుమంది. పొద్దున దాని మధ్యలో ఉన్న నల్లమచ్చ ఇప్పుడు లేదు. దాన్ని పుట్టించడానికి సత్యలింగం వారం రోజులపాటు ఆ ముక్కని వంచీ వంచీ వదిలాడు. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. గోరుతో గీకాడు. ఏమీ తెలియడం లేదు, పెళ్ళిలో ఇచ్చిన కొత్త గ్లాసులా ఉంది.

"చింతపండుతో పోతుందా ఇది?" అన్నాడు, తనలో తనే.

"ఎందుకు పోదు? రత్నం పడవలో అమావాస్య అమావాస్యకీ ఇలాగే కదా తోముతారు. గంగమ్మకి పసుపూ కుంకం పెట్టే ముందు పడవలో లోహం అన్నది మెరవాలి. నేనే నేర్పేను దానికి."

సత్యలింగం తడిచేత్తోనే షెడ్డులోకి నడిచాడు. గోడ మీద ఒక ఫొటో ఉంది. ‘తూర్పుచుక్క’ పడవ, ముందు మేనకోడలు నూకరత్నం నడుం మీద చెయ్యేసుకుని నవ్వుతూ, వెనకాల తెరచాప కొయ్య, దాన్ని లాగిపట్టిన తీగల అడుగున వెండిలా మెరిసే ఉక్కు బిగింపులు. షెడ్డుకి వచ్చిన ప్రతివాళ్ళకీ ఆయన ఆ ఫొటో చూపించేవాడు. ఏడాదిగా ఉప్పునీళ్ళలో తిరుగుతోంది, ఒక్క మచ్చ లేదు చూశారా అనేవాడు.

ఒక్క మచ్చ లేదు! ఎందుకు లేదో ఇప్పుడు తెలిసింది. ఆ పడవ ఇప్పుడు మందుల సరుకుతో పోర్ట్ బ్లెయిర్ దారిలో, నడిసముద్రంలో ఉంది. అందులో రత్నం ఉంది.

*

ఆ ఉక్కు పుట్టింది ఈ రేకుల షెడ్డులోనే.

డీజిలు బంగారమైపోయాక కాకినాడ తీరంలో మళ్ళీ తెరచాపలు లేచాయి. తాళ్ళరేవులో మూలపడ్డ పడవల పని మళ్ళీ ఊపందుకుంది. ఒడ్డు మీంచి చూసేవాళ్ళకి తెరచాపే కనిపిస్తుంది కానీ, ఆ గాలి బరువంతా మోసేది కొయ్యని రెండు పక్కలా లాగిపట్టిన ఉక్కు తీగలు. వాటి కొసల్లో తీగని బిగించే మరలు, టర్న్‌బకిళ్ళు, ఉప్పుకి, ఊపుకి లోలోపల వెంట్రుకంత పగులుతాయి. ఒక్కటి తెగితే చాలు, కొయ్య పడవ మీదికే కూలుతుంది. అలా పోయినవాళ్ళలో అచ్చాయమ్మ భర్త ఒకడు. అప్పటికి రత్నం ఇంకా బళ్ళో చదువుతోంది.

సత్యలింగం కాలేజీలో లోహశాస్త్రం చెప్పేవాడు, తాయారు రసాయనశాస్త్రం. బావగారి పదకొండో రోజు కార్యక్రమం అయ్యాక ఇంటికొస్తూ తాయారు అంది: "ఎముక విరిగితే అతుక్కుంటుంది కదండీ. ఉక్కుకి ఆపాటి బుద్ధి ఎందుకు ఉండకూడదు?"

ఆ ప్రశ్న వాళ్ళిద్దరి సాయంత్రాలన్నీ తినేసింది. కరిగించడం, పోతపోయడం, విరగ్గొట్టడం, మళ్ళీ కరిగించడం. చివరికి ఒకనాడు ఆయన పుల్లంత కడ్డీని వైసులో బిగించి అటూ ఇటూ వంచాడు. భూతద్దంలో సన్నటి పగులు కనిపించింది. తాయారు దాని మీద ఉప్పునీళ్ళు చిలకరించి, ఎందుకో అరచేతిలో పెట్టుకుని మూసింది.

"ఏవండీ, దీనికి జ్వరం వచ్చింది."

ఆయన నవ్వాడు. ఆవిడ నవ్వకుండా ఆయన చెయ్యి పట్టి లాగి కడ్డీ మీద పెట్టింది. నిజమే, పాలు తాగే పిల్ల నుదురులా నులివెచ్చగా ఉంది. భూతద్దంలో చూస్తే నిద్రొస్తున్న కన్ను మూతపడ్డట్టు పగులు రెండు కొసల నుంచీ మూసుకుంటోంది. టీ కాచుకుని తాగేలోపు పగులు లేదు. అది ఉన్నచోట తేనెరంగు గీత ఒకటి మిగిలింది.

అదే చోట మళ్ళీ మళ్ళీ పగిలి మానితే గీత ఇటుకరంగుకి తిరిగేది, ఆ తర్వాత నల్లబడేది. నల్లబడ్డాక ఇక జ్వరం రాదు. ఎంత సేపు పట్టుకున్నా చల్లగానే ఉండి, తర్వాతి వంపుకి పుటుక్కున విరిగేది.

"పాపం, అలిసిపోయింది," అంది తాయారు విరిగిన ముక్కలు చూసి. "నయం, ముందే చెప్పింది. నల్లమచ్చ కనపడగానే మార్చెయ్యమందాం."

పడవల వాళ్ళకి ఆ ఒక్క మాటే చెప్పారు. ఉప్పుతో, డీజిలుతో, రంగుతో, గ్రీజుతో ఆ మచ్చ పోతుందేమోనని నెలల తరబడి పరీక్షించారు. చింతపండుతో చూడాలన్న ఆలోచన, రోజూ పులుసు తినే ఆ ఇంట్లో, ఎవరికీ రాలేదు.

*

శాటిలైట్ ఫోను రెండోసారికి కలిసింది. అవతల గాలి హోరు.

"మావయ్యా! అన్నం తిన్నావా?"

"తిన్నానమ్మా. రత్నం, గాలి ఎటునించి?"

"బయల్దేరిన కాణ్ణించీ కుడిపక్కనించే. మంచి గాలి మావయ్యా, పడవ పరిగెడతంది."

"కుడిపక్క టర్న్‌బకిళ్ళు ఎలా ఉన్నాయి?"

"అద్దాల్లా ఉన్నాయి. అబ్బులు బాబాయి వాటిల్లో సూసుకునే మీసం దువ్వుకుంటాడు."

"మీసం ఉన్నోడు దువ్వుకుంటాడు, నీకేటే బాధ?" అని వెనక నుంచి ముసలి గొంతు వినిపించింది. అబ్బులు రత్నం తండ్రితో కలిసి పడవెక్కినవాడు. ఇప్పుడు కూతురు పడవ నడిపే సరంగయితే ఆమె కింద పనిచేస్తున్నాడు.

సత్యలింగం విషయం చెప్పాడు. తేనెరంగు పడ్డప్పుడల్లా తోమేస్తే మచ్చకి ముదిరే అవకాశమే లేదనీ, లోపల ఉక్కు ఎంత అలిసిందో పైకి తెలియదనీ చెప్పాడు.

"అంటే, మేం తోమీ తోమీ..." అంది రత్నం.

"మీరు తోమింది అభిమానం కొద్దీ. నేను మురిసిపోయిందీ ఆ మెరుపు చూసే. ఆ మాటలు ఒడ్డుకొచ్చాక. ముందు తెరచాప సగం దించించు."

ఆమె ఫోను పక్కన పెట్టి అరిచిన అరుపులు ఆయనకి వినిపించాయి. ఎవరూ ఎందుకని అడగలేదు. ఆ అడగకపోవడం ఆయనకి ఎంతో గొప్పగా తోచింది. అచ్చాయమ్మ షెడ్డు గుమ్మంలో నిలబడి ఉంది. చేతికి చింతపిప్పి ఇంకా అలాగే ఉంది, కడుక్కోవడం మరిచిపోయింది.

"ఇప్పుడు ఒక్కో బిగింపుకీ చెంప ఆనించి చూడు," అన్నాడు ఆయన. "ఇన్నాళ్ళూ ఒకే పక్క గాలి మోశాయి. అన్నిటికీ ఎంతో కొంత జ్వరం ఉండాలి. లేనిదెక్కడో చెప్పు."

రత్నం వెళ్ళింది, వచ్చింది. "ముందుది వెచ్చగా ఉంది. నడిమిదీ అంతే. వెనకది చల్లగా ఉంది మావయ్యా. చల్లగా ఉంటే మంచిదే కదా?"

"కాదమ్మా."

అయితే ఆయనకి ఆ ఒక్క ఆనవాలూ చాలలేదు. అలలు పడి తడిసినదాన్ని చెంపతో కొలిచి, నడిసముద్రంలో కొయ్యకి కట్టిన తీగని విప్పమని ఎలా చెప్పడం? కళ్ళు మూసుకుని ఒక్క క్షణం ఆలోచించాడు.

"గంగమ్మ పూజ పెట్టె ఉందా?"

"అది లేకుండా పడవ కదుల్తాదా?"

"కొబ్బరినూనెలో కుంకం పల్చగా కలుపు. వెనక బిగింపుని పొడిగా తుడిచి, ఆ నూనె బాగా పట్టించు. కాసేపు ఆగి గుడ్డతో శుభ్రంగా తుడిచెయ్. ఆ తర్వాత పైన విబూది అద్దు. దాని మీద అల పడకుండా గొడుగో తాటాకో అడ్డం పెట్టు. చూస్తూ ఉండు."

అవతల అబ్బులు గొణిగాడు: "ఇనుముకి బొట్టెట్టి విబూది రాయమంటన్నాడు, మీ మావయ్య సన్నాసుల్లో కలిసిపోయేడా ఏటి?"

"నోర్మూసుకుని గొడుగట్టుకో బాబాయ్."

సత్యలింగం గోడ మీది ఫొటోకేసి చూస్తూ కూర్చున్నాడు. తాయారు కూడా అలాగే ఉండేది. ఆయన కాలేజీ నుంచి వచ్చే వేళకి మొహం కడుక్కుని, జడ వేసుకుని, నాకేం కాలేదండీ అని నవ్వేది. డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి లోపలంతా అయిపోయింది. ఆవిడ మీద ఆయనకి కోపం ఎప్పుడూ రాలేదు. నవ్వు చూసి ఎంత బావుందో అనుకున్న తన కళ్ళ మీద మాత్రం వచ్చేది.

"మావయ్యా!" రత్నం గొంతు మారింది. "గీత లేస్తంది. తెల్లటి విబూదిలోంచి ఎర్రగా... సుట్టూ తిరిగింది. సగం పైనే తిరిగేసింది."

"అదే. మూతపడని పగులు. లోపల దూరిన నూనెని విబూది పైకి లాగింది. ఆ బిగింపుని మార్చాలి."

"దేంతో మారుస్తాను? మన ఉక్కు వచ్చాక విడి సామాను మొయ్యడం మానేశాం కదా!"

అప్పుడు అబ్బులు దగ్గాడు. బియ్యం బస్తాల వెనక నుంచి గ్రీజు గుడ్డ చుట్టిన మూట ఒకటి తీసుకొచ్చాడట. అందులో రత్నం తండ్రినాటి పాత ఇనుప టర్న్‌బకిల్ ఉంది. ప్రతి ప్రయాణానికీ ఆ తుప్పుముక్క ఎందుకు మోస్తావని రత్నం ఎగతాళి చేసేది. మీ నాన్న గుర్తని అతను మాట దాటేసేవాడు.

"తిట్టవే ఇప్పుడు, తిట్టు," అన్నాడు.

ఆపైన సత్యలింగం చెప్పగలిగిందేమీ లేదు. అది వాళ్ళ విద్య. ఆయన చెవి ఒగ్గి కూర్చున్నాడు, పాఠం వింటున్న విద్యార్థిలా. కొయ్య కొస నుంచి దిగిన తెరచాప ఎత్తే మోకుని కుడిపక్క ఇనుప కడియానికి కట్టి బిగించారు, తీగ లేని కాసేపూ కొయ్యని అదే పట్టుకోవాలి. తర్వాత రత్నం చుక్కాని తిప్పించింది. పడవ మూలుగుతూ తిరిగి, గాలిని ఎడమపక్కకి తీసుకుంది. ఇప్పుడు బరువంతా ఎడమ తీగల మీద పడింది. కుడి తీగ వదులైంది.

"పిన్ను కొట్టు బాబాయ్. మెల్లిగా, మెల్లిగా... అల వస్తంది, ఆగు... ఇప్పుడు!"

సుత్తి దెబ్బ వినిపించింది. మరోటి. తర్వాత టప్పుమని పెద్ద చప్పుడు, ఎవరో కెవ్వున అరిచిన అరుపు. అచ్చాయమ్మ తలుపు పట్టుకుంది.

"రత్నం!"

ఇనుము మీద ఇనుము రాసుకుంటున్న చప్పుడు. "తిప్పు, ఇంకా తిప్పు, బిగిసిందా?" అని అబ్బులు గొంతు. చాలాసేపటికి ఫోను ఎవరో ఎత్తుకున్నారు.

"అయిపోయింది మావయ్యా. పిన్ను తియ్యబోతంటే పడవ ఊగింది, వెనకది చేతిలోనే రెండు ముక్కలైపోయింది. నాన్న ముక్క బిగించేశాం. కొయ్య నిలబడింది."

"అరిచిందెవరు?"

"ఎవరూ కాదు. నాకేం కాలేదు మావయ్యా."

సత్యలింగం ఆ మాటలు విన్నాడు. గొంతు తేటగా ఉంది. మరీ తేటగా, తోమినట్టుగా ఉంది.

"ఫోను అబ్బులుకియ్యి."

"ఎందుకు మావయ్యా..."

"ఇయ్యమ్మా."

"అబ్బులూ," అన్నాడు సత్యలింగం, "నువ్వు సరంగు మాట కాదనవని నాకు తెలుసు. దాని అమ్మ ఇక్కడే ఉంది. నిజం చెప్పు."

"ఎడం సెయ్యండి," అన్నాడు అబ్బులు. "ఉంగరం ఏలు సగం నలిగిపోయిందండి. నెత్తురు ఆగట్లేదు. ఆ సేత్తోనే మర బిగించిందండి, ఎవర్నీ ముట్టుకోనియ్యలేదు. మందుల సరుకు అందరూ ఎదురుసూత్తారు, ముందుకే పొమ్మంటంది."

ఆ సరుకు ఒక్క వారం ఆలస్యమైతే ఏమవుతుందో సత్యలింగానికి తెలుసు. చెయ్యి కుళ్ళితే ఏమవుతుందో కూడా తెలుసు. మిగతా బిగింపుల మీద ఇక నమ్మకం లేదన్నదీ తెలుసు. ఆయన అచ్చాయమ్మ వైపు చూశాడు. ఆవిడ వచ్చి ఫోను లాక్కుంది.

"ఒసే రత్నం! మీ నాన్న కూడా ముందుకే పోదామన్నాడు. ఇంటికి రా."

అంతే అంది. పడవ అప్పటికే గాలిని ఎడమకి తీసుకుని కాకినాడ వైపు తిరిగి ఉంది. మళ్ళీ తిప్పకుండా ఉంటే చాలు.

రత్నం తిప్పలేదు.

ఆ సాయంత్రం సత్యలింగం ఆ ఉక్కు వాడుతున్న పడవలన్నిటికీ ఫోను చేసి, కుంకం నూనె పరీక్ష నేర్పాడు. ఒక సరంగు నవ్వాడు, ఇంకొకడు తిట్టాడు. మూడోవాడు మాత్రం మర్నాడు తిరిగి ఫోను చేసి, ఎర్రగీత లేచిందని చెప్పి ఏడ్చాడు. మందుల సరుకుని మరో పడవ ఎక్కించుకుంది. ఆలస్యమైంది. ఆ ఆలస్యం వల్ల అవతల ఎవరికి ఏమైందో సత్యలింగం కనుక్కున్నాడు. పిల్లల వార్డులో ఇద్దరికి ఇన్సులిన్ రేషన్ చేసి ఇచ్చారట, ప్రాణాలకి ముప్పు రాలేదట. ఆ మాట విన్నాక గాని ఆయన అన్నం కలుపుకోలేకపోయాడు.

*

రత్నం ఉంగరం వేలు మొదటి కణుపు దాకా తీసేశారు.

ఆస్పత్రి నుంచి నేరుగా మావయ్య ఇంటికే వచ్చింది, వాళ్ళమ్మ అక్కడే ఉంది కనక. ఆ వారంలోనే అమావాస్య పడింది. ‘తూర్పుచుక్క’ ఏటి ఒడ్డున లంగరేసి ఉంది. అలిసిపోయిన బిగింపుల్ని ఆయన అప్పటికే మార్చేశాడు. వెచ్చగా ఉండి ఇంకా సత్తువున్నవాటిని అలాగే ఉంచాడు, తోమకుండా వదిలిన రెండు వారాల్లోనే వాటి మీద తేనెరంగు గీతలు మళ్ళీ పడ్డాయి.

అలవాటు కొద్దీ పడవవాళ్ళు బకెట్లూ, చింతపండూ పట్టుకొచ్చారు. రత్నం కట్టుతో ఉన్న చెయ్యి ఎత్తి ఆపింది.

"ఇత్తడి గంట తోముకోండి. లాంతర్లు తోముకోండి. వీటి జోలికి ఎవడైనా వస్తే ఏట్లోకి తోసేస్తాను."

"మెరవకపోతే గంగమ్మకి కోపం రాదేటి?" అన్నాడు అబ్బులు.

రత్నం పసుపు గిన్నె తీసుకుని ముందు బిగింపు దగ్గర కూర్చుంది. తేనెరంగు గీత కనిపించిన చోట, గీతకి తగలకుండా, దాని పక్కనే పసుపు రాసి చిన్న కుంకుమబొట్టు పెట్టింది. తర్వాత రెండో బిగింపుకి వెళ్ళింది. అబ్బులు కాసేపు చూసి, మరో గిన్నె అందుకున్నాడు. కాసేపటికి తీగల మొదళ్ళన్నీ పేరంటాళ్ళలా తయారయ్యాయి. ఎక్కడ గాయమైందో దూరం నుంచే కనిపిస్తోంది.

సత్యలింగం ఒడ్డున నిలబడి చూశాడు. ఇన్నేళ్ళ పరిశోధనలో తనకి తట్టనిది వీళ్ళకి ఒక్క పూటలో ఆచారమైపోయింది. తాయారు ఉంటే చప్పట్లు కొట్టేది. ఆ ఆలోచనకి ఈసారి గుండె బరువెక్కలేదు, కొంచెం తేలికపడింది కూడా.

"ఏటి మావయ్యా, అలా సూస్తన్నావు?" అంది రత్నం ఒడ్డెక్కి వస్తూ. "నా ఏలు కూడా నీ ఉక్కుతో చేయించుకుంటే పోయేది కదా!"

"నొప్పిగా ఉందా?"

ఆమె నోరు తెరిచింది, మూసింది. "ఉంది," అంది. "బాగా నొప్పిగా ఉంది మావయ్యా. రాత్రిళ్ళు లేని ఏలు కూడా సలుపుతంది."

"చెప్పావు. అంతే చాలు."

ఇంటికొచ్చాక ఆయన షెడ్డు గోడ మీది ఫొటో దించాడు. పారెయ్యలేదు, బల్ల సొరుగులో పెట్టాడు. ఆ మేకుకి విరిగిన టర్న్‌బకిల్ ముక్కని తీగతో కట్టి వేలాడదీశాడు. దాని మీద విబూదీ, ఎర్రగీతా ఇంకా కొంచెం మిగిలే ఉన్నాయి.

అచ్చాయమ్మ చారు కాచింది. పిప్పిని గోడవతల అరటిపాదులో పారేసి, చెయ్యి కడుక్కుని వచ్చింది. ముగ్గురూ తిన్నారు. మాత్ర వేసుకున్న రత్నం మాటల మధ్యలోనే నిద్రలోకి జారింది. అచ్చాయమ్మ దుప్పటి కప్పి, లోపలి గదిలోకి వెళ్ళి పడుకుంది.

సత్యలింగం దీపం తగ్గించడానికి వచ్చి, మంచం పక్కన ఆగాడు. కట్టుకట్టిన చెయ్యి దుప్పటి బయట ఉంది. మానుతోందనీ, చీము పట్టలేదనీ పొద్దున డాక్టరు చెప్పాడు. అయినా ఆయన వంగి, కట్టు కిందుగా మణికట్టు మీద మెల్లగా వేళ్ళు ఆనించాడు.

నులివెచ్చగా ఉంది.

చెయ్యి దుప్పట్లోకి సర్దాడు. గదిలోంచి బయటికి వచ్చి, కిర్రుమనకుండా తలుపుని కాస్త పైకెత్తి పట్టుకుని, నెమ్మదిగా దగ్గరికి వేశాడు.